బకెట్ సముద్రంలో ఎన్ని మొక్కలు?

కూకట్‌పల్లి నుంచి నిజాంపేట మీదుగా ప్రగతినగర్ వైపు వెళ్తే ఇన్‌కాయిస్ క్యాంపస్ వస్తుంది. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం అన్నమాట. 1999లో పెట్టారు. అక్కడి నుంచి ఎంత తిన్నగా వెళ్ళినా సముద్రం సుమారు 300 కిలోమీటర్లు. అయినా కాకినాడ, మచిలీపట్నం, విశాఖ రేవుల్లో బోటు తీసే మత్స్యకారులకు ఫలానా దిక్కున, ఇన్ని కిలోమీటర్ల దూరంలో, ఇంత లోతు నీళ్ళలో చేపలు పడే అవకాశం ఉందని తెలుగులో కబురు పంపేది ఈ ఆఫీసే. సముద్రం లేని ఊళ్ళో సముద్రం ఆఫీసు ఏమిటని నవ్వేవాళ్ళు ఉన్నారు. నవ్వుకోనివ్వండి. ఆ కబురుకి కావలసిన సమాచారం చాలావరకు ఉపగ్రహాల నుంచి వస్తుంది, దాన్ని అందుకోవడానికి ఒడ్డున కూర్చోవలసిన పనిలేదు.

ఆ కబురు వెనక ముఖ్యంగా రెండు సంగతులు ఉంటాయి. ఒకటి సముద్రపు పైనీటి వేడి, రెండోది దాని రంగు. రంగు ఎందుకంటే నీళ్ళలో వృక్షప్లవకాలు పెరిగినకొద్దీ నీలం తగ్గి పచ్చదనం పెరుగుతుంది. వృక్షప్లవకాలంటే కంటికి కనబడని ఒంటికణపు మొక్కలు. శాస్త్రం ప్రకారం అన్నీ మొక్కలు కావు, కొన్ని బ్యాక్టీరియా. ఇక్కడ మాత్రం మొక్కలనే అందాం. వీటిని తినడానికి జంతుప్లవకాలు, అంటే నీళ్ళలో తేలే చిన్న చిన్న జీవులు, వస్తాయి, వాటికోసం చిన్న చేపలు, ఆ చేపల కోసం ఆదివారం పూట మనం రామ్‌నగర్ మార్కెట్‌లో బేరమాడే వంజరం లాంటివి. కాబట్టి మొదటి ప్రశ్న సూటిగానే ఉంటుంది. నీళ్ళలో ఈ మొక్కలు ఎన్ని ఉన్నాయి?

బకెట్ ముంచి లెక్కపెట్టొచ్చు కదా అనిపిస్తుంది. నూటయాభై ఏళ్ళుగా సముద్ర శాస్త్రవేత్తలు చేస్తున్నది ఒకరకంగా అదే. కానీ బకెట్‌తో తీస్తే ఒక జవాబు, వలతో తీస్తే మరో జవాబు, ఫిల్టర్ కాగితం మీద ఇంకొకటి, ఉపగ్రహం నుంచి మరింకొకటి వస్తుంది. ఇందులో ఏ జవాబునీ తప్పు అనలేం, ఎందుకంటే ఒక్కో పద్ధతి లెక్కపెట్టేది ఒక్కో వస్తువుని. ఈ సంగతి పట్టించుకోకుండా అంకెల్ని పక్కపక్కన పెట్టి పోలిస్తే ఎంత గందరగోళం అవుతుందో తర్వాత చెప్తాను. ముందు పడవ ఎక్కాలి.

భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం ఈ కణాలదే. ఏటా అవి కట్టిపడేసే కార్బన్ 4,500 కోట్ల టన్నుల పైమాటే. అయినా ప్రపంచంలోని మొక్కలన్నిటినీ తూకం వేస్తే అందులో వీటి వాటా 1 శాతం కూడా ఉండదు. అడవిలో చెట్టు వందేళ్ళు నిలబడుతుంది. ఈ కణం ఒకటి రెండు రోజుల్లో రెండుగా చీలుతుంది, ఆ వెంటనే ఏదో ఒకటి దాన్ని మింగేస్తుంది. అందుకని ఒక లీటరులో ఇన్ని కణాలు ఉన్నాయంటే ఆ క్షణానికి తినగా మిగిలినవి అన్ని అని మాత్రమే. పెరుగుదల జోరుగా ఉన్నచోట కూడా మేసేవి ఎక్కువైతే అంకె చిన్నదిగానే కనబడుతుంది.

ఇంకో చిక్కు ఏమిటంటే ఈ కణాలు సముద్రంలో సమంగా పరుచుకుని ఉండవు. విశాఖ తీరాన్నే తీసుకుందాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో నైరుతి వైపు నుంచి తీరం వెంబడి గాలి వీస్తుంది. భూభ్రమణం వల్ల పైనీళ్ళు గాలికి కుడివైపుగా, అంటే తీరం నుంచి లోపలికి జరుగుతాయి. ఖాళీ అయిన ఆ చోటుకి అడుగు నుంచి చల్లని నీళ్ళు, వాటితోపాటు నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు లాంటి పోషకాలు పైకి వస్తాయి. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఇక్కడి తీరంలో ఈ పొంగును కొలిచి చూపించాడు. ఆ నెలల్లో పోషకాలు పైకొచ్చిన చోట డయాటమ్‌లు, అంటే గాజులాంటి గట్టి పెంకు ఉన్న వృక్షప్లవకాలు, విరగబడి పెరుగుతాయి. అక్కడికి పది కిలోమీటర్ల అవతల నీళ్ళు తేటగా ఉండొచ్చు. పొద్దున ఒకలా, ఆటు తర్వాత ఒకలా ఉండొచ్చు. రేవుకి దగ్గరగా ఒకచోట బకెట్ ముంచి, ‘విశాఖ సముద్రంలో లీటరుకి ఇన్ని’ అని రాసేయడం కుదరదు. అందుకే తీరం నుంచి లోపలికి ఒక గీత అనుకుని, దాని మీద కొన్ని చోట్లను ముందే ఖాయం చేసుకుంటారు. ప్రతిసారీ అవే చోట్లు, వీలైనంతవరకు అదే వేళ.

బకెట్ వేయడానికీ ఒక పద్ధతి ఉంది. బోటు ఇంజన్ నీళ్ళు వదిలే వైపు వేయకూడదు, డీజిల్ తెట్టు అంటుకుంటుంది. అక్కడి నీళ్ళతోనే బకెట్‌ని ముందు కడగాలి, లేకపోతే కిందటి చోటి కణాలు ఈ లెక్కలోకి వస్తాయి. లోతులో నీళ్ళు కావాలంటే నిస్కిన్ బాటిల్ ఉంది. రెండు చివర్లా మూతలు తెరిచి ఉన్న ప్లాస్టిక్ గొట్టం అది. తాడుకి కట్టి 10 మీటర్లకో 30 మీటర్లకో దించుతారు. ఆ లోతులో నీళ్ళు గొట్టంలోంచి అటూ ఇటూ ఆడుతుంటాయి. అప్పుడు పైనుంచి తాడు వెంట ఒక బరువైన లోహపు దిమ్మను వదులుతారు. దాన్ని మెసెంజర్ అంటారు. అది జారుకుంటూ వెళ్ళి మీటను కొడుతుంది, లోపలి రబ్బరు పట్టీ లాగడంతో రెండు మూతలూ ఠప్పున పడతాయి. తాడు మీద చేయి వేసి ఉంచితే ఆ దెబ్బ చేతికి తెలుస్తుంది. పెద్ద ఓడల్లో ఇలాంటి బాటిళ్ళు పన్నెండో ఇరవై నాలుగో ఒక చట్రానికి బిగించి ఉంటాయి, ఓడ మీదనుంచే మీట నొక్కి ఒక్కోదాన్ని ఒక్కో లోతులో మూస్తారు. దిమ్మ వదిలే పద్ధతి చిన్న బోట్లలో ఇంకా నడుస్తోంది. తుప్పు పట్టదు, బ్యాటరీ అడగదు.

లోతు ఎందుకంత ముఖ్యం? బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ ఇన్ని మంచినీళ్ళు పోస్తాయి. ఆ తేలిక నీళ్ళు ఉప్పునీటి మీద ఒక పొరలా పరుచుకుంటాయి. అడుగున ఉన్న పోషకాలు ఆ పొరను దాటి పైకి రాలేవు. అందుకని లోపలి సముద్రంలో పైన కణాలు పలచగా ఉండి, వెలుగూ పోషకాలూ రెండూ అందే 50, 60 మీటర్ల లోతు ప్రాంతంలో ఒత్తుగా పెరుగుతాయి. బకెట్‌కి అది అందదు. ఉపగ్రహానికీ అందదు.

ఇక వల సంగతి. జర్మనీలోని కీల్ నగరానికి చెందిన విక్టర్ హెన్సెన్ వృత్తిరీత్యా శరీరధర్మ శాస్త్రవేత్త. సముద్రం ఎంత మేత పండిస్తుందో తెలిస్తే ఎంత చేప దొరుకుతుందో అంచనా కట్టొచ్చని ఆయన ఆలోచన. ఇన్‌కాయిస్ చేసే పనికి మూలపురుషుడని ఆయన్ని అనొచ్చు. పిండి జల్లించే మిల్లుల్లో వాడే పట్టుగుడ్డతో గరాటు ఆకారపు వలలు కుట్టించి, 1889లో అట్లాంటిక్ మీదికి ఒక యాత్ర నడిపాడు. వలను లోతు నుంచి నిలువుగా పైకి లాగితే మూతి వైశాల్యాన్ని లోతుతో హెచ్చించినంత నీరు వడకట్టినట్టు. 50 సెంటీమీటర్ల మూతి ఉన్న వలని 100 మీటర్ల నుంచి లాగితే దాదాపు 20,000 లీటర్లు. లెక్క కాగితం మీద బాగానే ఉంటుంది. నిజానికి కాసేపటికే వల కళ్ళు పూడుకుపోతాయి, నీళ్ళు లోపలికి పోకుండా మూతి పక్కనుంచి తప్పుకుంటాయి. అందుకే ఇప్పుడు వల మూతికి తిరిగే చిన్న మీటరు బిగిస్తారు. ఎంత నీరు నిజంగా లోపలికి వెళ్ళిందో అది చెప్తుంది.

హెన్సెన్‌తో పేచీ పెట్టుకున్నవాడు ఎర్నెస్ట్ హేకెల్ అనే జర్మన్ జీవశాస్త్రవేత్త. ప్లవకాలు సముద్రంలో గుంపులు గుంపులుగా ఉంటాయి, నాలుగుచోట్ల వల లాగి సముద్రమంతటికీ లెక్క కట్టడం అర్థంలేని పని అని ఆయన వాదన. ఇద్దరూ ఘాటుగానే రాసుకున్నారు. గుంపుల విషయంలో హేకెల్‌ది ఒప్పే. కానీ గుంపులుగా ఉన్నాయి కాబట్టి లెక్కే పెట్టొద్దంటే ఎలా? ఎన్నిచోట్ల తీస్తే సరిపోతుందో ఆలోచించాలి గానీ. నా ఓటు హెన్సెన్‌కే.

అయితే హెన్సెన్ వలలో పెద్ద చిల్లు ఉందని తేల్చింది కూడా కీల్‌లోనే పనిచేసిన హాన్స్ లోమాన్. ఆ చిల్లు చూపించింది ఒక చిన్న సముద్రజీవి. అప్పెండిక్యులేరియన్ అనే ఈ జీవి తన చుట్టూ జిగురుతో బుడగలాంటి ఇల్లు కట్టుకుంటుంది. ఆ ఇంటి లోపల వలకన్నా ఎన్నో రెట్లు సన్నని జల్లెడ ఉంటుంది. తోక ఆడిస్తూ నీళ్ళని అందులోకి తోసి, చిక్కిన కణాల్ని తింటుంది. జల్లెడ పూడుకుపోతే ఇల్లు వదిలేసి కొత్తది కట్టుకుంటుంది. లోమాన్ ఆ జల్లెడల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే పట్టువలలో ఎన్నడూ పడని కణాలు కుప్పలుగా కనిపించాయి. అదే సముద్రపు నీటిని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి చూస్తే అవే. 1911లో వాటికి నానోప్లాంక్టన్, అంటే మరీ చిన్న ప్లవకాలు, అని పేరు పెట్టాడు. ఇప్పటి కొలత ప్రకారం 2 నుంచి 20 మైక్రాన్లలోపువి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

కథ అక్కడితో ఆగలేదు. 1980లలో అమెరికన్ శాస్త్రవేత్తలు శాలీ చిజోమ్, రాబ్ ఓల్సన్‌ల బృందం ఫ్లో సైటోమీటర్ అనే యంత్రాన్ని ఓడ ఎక్కించింది. ఆసుపత్రుల్లో, ల్యాబుల్లో రక్తకణాలు లెక్కపెట్టడానికి వాడే జాతి యంత్రం అది. కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి వరసగా పంపి, ఏది ఎంత మెరిసిందో రాసుకుంటుంది. తెరమీద ఒక మూల, యంత్రం సొంత గోల అని కొట్టిపారేయదగినంత మసకగా, ఎర్రని మెరుపుల గుంపు ఒకటి కనబడింది. చూస్తే అది ప్రోక్లోరోకాకస్. వెడల్పు సుమారు 0.6 మైక్రాన్. వెచ్చని మహాసముద్రాల్లో ఒక మిల్లీలీటరులో లక్షకు పైగా ఉండగలవు. భూమ్మీద సంఖ్యలో అన్నిటికన్నా ఎక్కువున్న కిరణజన్య జీవి ఇదే. ఇది కొత్త జీవి అని చెప్పిన పరిశోధన పత్రం 1988లో గానీ రాలేదు.

ఇప్పటికీ ఎక్కువ ల్యాబుల్లో జరిగేది మైక్రోస్కోప్ లెక్కే. తీరానికి ఎందుకు అదే సరిపోతుందంటే, అక్కడ తరచుగా పెద్ద డయాటమ్‌లదీ డైనోఫ్లాజెల్లేట్లదీ రాజ్యం. ఫ్లాజెల్లేట్లంటే కొరడాలాంటి తోకలు ఆడిస్తూ ఈదే కణాలు, డైనోఫ్లాజెల్లేట్లు వాటిలో ఒక రకం. పైగా ఏ జాతి అన్నది కంటితో చూస్తేనే తెలుస్తుంది. నీళ్ళు తీసిన వెంటనే సీసాలో కొన్ని చుక్కల లుగాల్ అయోడిన్ వేస్తారు, నీళ్ళు లేత గోధుమ రంగుకి తిరిగేదాకా. గాయాలకు రాసే అయోడిన్‌కి దగ్గరి చుట్టమే. ఇది కణాల్ని కుళ్ళిపోకుండా ఆపుతుంది, బరువెక్కించి అడుక్కి దిగేలా చేస్తుంది. ఫార్మలిన్ వేస్తే గట్టి పెంకు ఉన్న డయాటమ్‌లు బాగానే ఉంటాయి గానీ, పెంకు లేని సున్నితమైన ఫ్లాజెల్లేట్లు చాలావరకు పగిలి మాయమవుతాయి. అంటే లెక్క మొదలుపెట్టక ముందే, సీసాలో వేసిన మందే కొన్ని జాతుల్ని జాబితాలోంచి కొట్టేస్తుంది.

తర్వాత ఆ నీళ్ళని గాజు అడుగున్న నిలువు గొట్టంలో పోసి ఒకటి రెండు రోజులు కదల్చకుండా ఉంచుతారు. కణాలన్నీ అడుగుకి చేరాక, కింద నుంచి చూసే మైక్రోస్కోప్‌తో లెక్కపెడతారు. 1930లలో ఈ పద్ధతిని స్థిరపరచిన జర్మన్ శాస్త్రవేత్త హాన్స్ ఊటర్మోల్ పేరే దీనికి ఉండిపోయింది. మన కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా కనబడేది ఇంకొకటి, సెజ్‌విక్ రాఫ్టర్ పలక. 50 మిల్లీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 1 లోతు ఉన్న గాజు తొట్టి. సరిగ్గా 1 మిల్లీలీటరు పడుతుంది. అడుగున 1,000 గళ్ళు గీసి ఉంటాయి. 1 లీటరు నీళ్ళని నిలవేసి, పైతేట తీసేసి, 10 మిల్లీలీటర్లకు దించారనుకుందాం. అందులో 1 మిల్లీలీటరు ఈ పలకలో పోసి అన్ని గళ్ళూ చూస్తే 400 కణాలు దొరికాయి. అంటే లీటరుకి 4,000. కణాలు మరీ ఎక్కువుంటే అన్ని గళ్ళూ చూడరు. ఖైరతాబాద్ గణేశుడి దగ్గర జనం ఎంతమంది అంటే ఒక చదరంలో ఉన్నవాళ్ళని లెక్కపెట్టి మొత్తం రోడ్డుకి హెచ్చేస్తారే, అలా కొన్ని గళ్ళు ఏరుకుని హెచ్చిస్తారు.

ఎన్ని కణాలు లెక్కపెడితే నమ్మొచ్చు? దీనికి గణాంక శాస్త్రం ఖచ్చితంగా జవాబు చెప్తుంది. కణాలు పలక మీద ఎటుపడితే అటు చెల్లాచెదురుగా పడ్డాయనుకుంటే, 100 లెక్కపెట్టినప్పుడు తేడా అటూ ఇటూ 20 శాతం దాకా ఉండొచ్చు. 400 లెక్కపెడితే 10 శాతం. 5 శాతానికి రావాలంటే 1,600 లెక్కపెట్టాలి. తేడాని సగం చేయాలంటే కష్టం నాలుగింతలు. ఒక జాతి కణాలు మొత్తం పలకలో మూడే కనబడితే, ఆ జాతి ‘పెరిగింది, తగ్గింది’ అనడానికి ఆ మూడూ ఏమాత్రం చాలవు. ఈ మాట గుర్తుంచుకుంటే పత్రికల్లో వచ్చే కొన్ని వార్తలు చదివేటప్పుడు టెన్షన్ తగ్గుతుంది.

దగ్గరగా చూస్తే ఇంకో ఇబ్బంది. మన తూర్పు తీరంలో బాగా కనబడే కీటోసెరోస్ అనే డయాటమ్‌నే తీసుకోండి. డబ్బా ఆకారపు కణాలు ఒకదానికొకటి అంటుకుని గొలుసుగా ఉంటాయి. ప్రతి కణం నాలుగు మూలల నుంచీ సన్నని గాజు ముళ్ళు బయటికి చాచుకుని ఉంటాయి. గొలుసు ఒక గడిలో మొదలై పక్క గడిలో ముగుస్తుంది. దాన్ని ఒకటిగా లెక్కించాలా, పన్నెండుగా లెక్కించాలా? ఏ గడిలో వేయాలి? గీతమీద పడ్డవాటిలో పై గీతవి, ఎడమ గీతవి తీసుకుని, కింది గీతవి, కుడి గీతవి వదిలేయడం లాంటి నియమాలు పెట్టుకుంటారు. ట్రైకోడెస్మియమ్ అయితే మరీనా. వేసవిలో సముద్రం మీద రంపపు పొట్టు చల్లినట్టు తేలేది అదే, ఒక్కో పోగులో వంద దాకా కణాలు, అలాంటి పోగులు కట్టలు కట్టలు. చాలామంది పోగుల్నే లెక్కపెట్టి ఊరుకుంటారు. ఒక ల్యాబు కణాలు రాసి, మరో ల్యాబు పోగులు రాస్తే రెండు అంకెల మధ్య వంద రెట్ల తేడా వస్తుంది. సముద్రంలో మాత్రం ఏ మార్పూ ఉండదు.

ఈ కూర్చుని లెక్కపెట్టే పనికి కళ్ళూ నడుమూ రెండూ పోతాయి. పైగా జాతుల్ని గుర్తుపట్టడం ఏళ్ళ తరబడి నేర్చుకునే విద్య. దానికి సగం జీవితం పెట్టేవాళ్ళు తగ్గిపోతున్నారన్నది నా బెంగ. కెమెరాలు కొంత సాయం చేస్తున్నాయి. అమెరికాలో వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేసిన ఇమేజింగ్ ఫ్లో సైటోబాట్ నీళ్ళలోనే ఉండి ప్రతి కణానికీ ఫోటో తీస్తుంది. 2008లో టెక్సస్ తీరంలో అది డైనోఫైసిస్ అనే విషజాతి పెరుగుదలని పట్టుకుంది. ఆల్చిప్పల పండగ ఒకటి ముంచుకొస్తుండగా అధికారులు వాటి సేకరణ ఆపేయగలిగారు. కానీ ఆ కెమెరాకి ఏది డైనోఫైసిసో ముందు నేర్పించింది మైక్రోస్కోప్ మీద వంగి కూర్చున్న మనుషులే.

లెక్కపెట్టడం ఇంత కష్టం కాబట్టి, అన్ని కణాల్లోనూ ఉండే ఒక వస్తువుని కొలిస్తే సరిపోతుందన్నది రెండో దారి. ఆ వస్తువు పత్రహరితం, క్లోరోఫిల్. బాటిల్ నీళ్ళు ఒక లీటరు తీసుకుని గాజుపోగులతో చేసిన ఫిల్టర్ కాగితం గుండా మెల్లగా పీలుస్తారు. గట్టిగా పీలిస్తే కణాలు పగిలి లోపలిది కారిపోతుంది. చివరికి తెల్లని కాగితం మీద లేత ఆకుపచ్చదో గోధుమరంగుదో ఒక మచ్చ మిగులుతుంది. గోధుమరంగు ఎక్కువుంటే డయాటమ్‌లని చేయి తిరిగినవాళ్ళు అక్కడికక్కడే ఊహిస్తారు, వాటిలో ఫ్యూకోజాంథిన్ అనే గోధుమ వర్ణకం ఉంటుంది. వెలుతురు తగిలితే పత్రహరితం విరిగిపోతుంది కాబట్టి గదిలో దీపాలు తగ్గించి, కాగితాన్ని అల్యూమినియం రేకులో చుట్టి ఫ్రీజర్లో పెడతారు. తర్వాత 90 శాతం ఎసిటోన్‌లో రాత్రంతా చీకట్లో, చల్లగా నానబెడితే పత్రహరితం అంతా ద్రవంలోకి దిగుతుంది. దాని మీద నీలికాంతి వేస్తే ఎర్రగా మెరుస్తుంది. ఆ మెరుపు ఎంతో చూసి లీటరుకి ఇన్ని మైక్రోగ్రాములని రాస్తారు. ఇక్కడ ఇంకో చిన్న పని ఉంది. ఆ ద్రవంలో ఒక చుక్క ఆమ్లం వేసి మళ్ళీ కొలుస్తారు. బతికున్న కణాల పత్రహరితమెంతో, చచ్చి సగం పాడైనదెంతో అలా విడదీస్తారు. ఏటి మొగల దగ్గర ఆ చచ్చినదాని వాటా తక్కువేమీ కాదు.

ఈ పద్ధతి చవక, త్వరగా అవుతుంది, ప్రపంచమంతా ఒకేలా చేస్తారు. దీని లోపం వేరే ఉంది. నీడలో పెరిగిన కణం తక్కువ వెలుతుర్ని ఒడిసిపట్టడానికి పత్రహరితం ఎక్కువ తయారుచేసుకుంటుంది. ఎండలో ఉన్న కణానికి ఆ అవసరం ఉండదు. అందుకని 1 గ్రాము పత్రహరితానికి ఒకచోట 20 గ్రాముల కార్బన్ ఉంటే, ఇంకోచోట 100 దాటొచ్చు. 50 మీటర్ల లోతులో పత్రహరితం రెండింతలు కనబడిందంటే అక్కడ కణాలు రెండింతలు ఉన్నాయని అర్థం చేసుకోకూడదు. అవి చీకట్లో ఉన్నాయని కూడా కావొచ్చు.

అన్నిటికన్నా పాత, అన్నిటికన్నా చవక పనిముట్టు ఒకటుంది. 1865లో ఏంజెలో సెక్కీ అనే ఇటాలియన్ ఖగోళ శాస్త్రవేత్త, క్రైస్తవ మతగురువు కూడా, పోపు గారి ఓడ మీదనుంచి మధ్యధరా సముద్రంలోకి తెల్లని పళ్ళేన్ని తాడుతో దించి, అది ఏ లోతులో కనబడకుండా పోతుందో రాసుకున్నాడు. అంతే. కణాలు ఎక్కువుంటే పళ్ళెం త్వరగా మాయమవుతుంది. ఆ లోతుని రెండున్నర, మూడుతో హెచ్చిస్తే వెలుగు ఇంచుమించు 1 శాతానికి పడిపోయే లోతు వస్తుంది. పాత స్టీలు పళ్ళేనికి తెల్లరంగు వేసి, మధ్యలో చిల్లు పెట్టి తాడు కట్టి మన హుస్సేన్‌సాగర్‌లోనూ దించి చూడొచ్చు. మైక్రోసిస్టిస్ అనే నీలిపచ్చ శైవలం నీళ్ళ మీద ఆకుపచ్చ తెట్టు కట్టిన రోజుల్లో అయితే తాడు ఎంతో అక్కర్లేదు. కాకపోతే పళ్ళేనికి బురదో శైవలమో తేడా తెలియదు, రెండింటిలో ఏది అడ్డొచ్చినా మాయమవుతుంది.

ఇక ముందు చెప్తానన్న గందరగోళం. 2010లో కెనడాకి చెందిన డేనియల్ బాయ్స్, మార్లన్ లూయిస్, బోరిస్ వార్మ్ నేచర్ పత్రికలో ఒక పత్రం వేశారు. 1899 నుంచి పోగైన సెక్కీ పళ్ళెం కొలతల్ని పత్రహరితంగా మార్చి, తర్వాతి కాలపు నేరు పత్రహరిత కొలతలతో కలిపారు. ప్రపంచ సముద్రాల్లో వృక్షప్లవకాలు సగటున ఏటా 1 శాతం చొప్పున తగ్గుతున్నాయని తేల్చారు. వందేళ్ళుగా ఏటా 1 శాతం అంటే మాటలా? వార్త ప్రపంచమంతా మోగిపోయింది. మరుసటి ఏడే అదే పత్రికలో అభ్యంతరాలు వచ్చాయి. పాత కాలంలో ఎక్కువగా ఉన్నవి పళ్ళెం కొలతలు, కొత్త కాలంలో ఎక్కువైనవి సీసా కొలతలు. రెండు పద్ధతుల మధ్య కొద్దిపాటి స్థిరమైన తేడా ఉన్నా చాలు, సముద్రంలో ఏమీ మారకపోయినా గ్రాఫు కిందికి వాలుతుందని విమర్శకులు చూపించారు. అట్లాంటిక్ ఉత్తర భాగంలో 1931 నుంచి సరుకు ఓడల వెనక ఒకేరకం పట్టుగుడ్డతో లాగుతున్న ప్లాంక్టన్ రికార్డరులో చూస్తే, దశాబ్దాలుగా ఆ గుడ్డకి అంటిన పచ్చదనం పెరుగుతోందే గానీ తగ్గడం లేదని మరో బృందం రాసింది. బాయ్స్ బృందం లెక్కలు సవరించుకుని మళ్ళీ రాసింది, తగ్గుదల ఉందనే నిలబడింది. నా మటుకు నాకు ఈ తగాదాలో ఎవరు గెలిచారన్నదానికన్నా ఆ పట్టుగుడ్డ రికార్డు విలువ ఎక్కువ. అది చాలా జాతుల్ని పట్టుకోలేదు, దాని కళ్ళు 270 మైక్రాన్లు. కానీ 1931 తర్వాత పట్టుకోలేనివాటిని ఒకేలా పట్టుకోలేకపోతోంది, కాబట్టి పాత ఏడాదిని కొత్త ఏడాదితో పోల్చొచ్చు.

ఉపగ్రహం దగ్గరికి వద్దాం. 2022 నవంబర్ 26న శ్రీహరికోట నుంచి పైకెళ్ళిన ఈఓఎస్-06, అంటే మూడో ఓషన్‌శాట్, 13 రంగు పట్టీల్లో సముద్రాన్ని చూస్తుంది. అలాంటి ఉపగ్రహాల సమాచారం హైదరాబాద్ పక్కనే షాద్‌నగర్‌లో ఉన్న కేంద్రంలో దిగుతుంది. పత్రహరితం నీలికాంతిని తాగేసి ఆకుపచ్చని వదిలేస్తుంది కాబట్టి, నీళ్ళలోంచి పైకొచ్చే నీలానికీ ఆకుపచ్చకీ నిష్పత్తి చూస్తే ఎంత పత్రహరితం ఉందో లెక్కకొస్తుంది. ఒక్క చూపులో 1,400 కిలోమీటర్ల వెడల్పు. ఏ బోటూ చేయలేని పని. కానీ ఉపగ్రహానికి చేరే కాంతిలో 90 శాతం దాకా గాలి నుంచీ ధూళి నుంచీ చెదిరి వచ్చిందే. ముందు దాన్ని తీసేయాలి. మిగిలిన పది శాతంలో చిన్న పొరపాటు జరిగినా పత్రహరితం లెక్క పెద్ద ఎత్తున తప్పుతుంది.

లోపలి సముద్రంలో ఈ లెక్క బాగా కుదురుతుంది. తీరానికి వస్తే తేడా కొడుతుంది. ఆగస్టులో గోదావరికి వరద వచ్చినప్పుడు యానాం దగ్గర, అంతర్వేది దగ్గర సముద్రం ఏ రంగులో ఉంటుందో చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఆ ఒండ్రు, కుళ్ళిన ఆకుల నుంచి ఊరిన పసుపు రంగు పదార్థాలు కూడా నీలికాంతినే తాగుతాయి. ఉపగ్రహం ఆ బురదని చూసి పత్రహరితం బోలెడుందని చెప్పే ప్రమాదం ఉంది. అందుకే ఇలాంటి నీళ్ళకి వేరే సూత్రాలు కట్టాలి. ఆ సూత్రం సరైనదో కాదో తేల్చాలంటే, ఉపగ్రహం పైనుంచి వెళ్ళిన వేళకే ఎవరో ఒకరు బోటులో అక్కడ ఉండి, సీసాలో నీళ్ళు పట్టి, ఫిల్టర్ కాగితం మీద మచ్చ చేయాలి. ప్రగతినగర్‌లో తెరమీద కనబడే రంగుల పటం ఆ మచ్చలతో సరిచూసుకున్నదే.

వానాకాలంలో మబ్బు పట్టిందంటే రంగు చూసే ఉపగ్రహానికి ఏమీ కనబడదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ తర్వాత వేటకి వెళ్ళే రోజుల్లోనేమో మబ్బులు. గోదావరి, కృష్ణ తమ ఏడాది పోషకాల్లో ఎక్కువ భాగం సముద్రంలో పోసేది కూడా అప్పుడే. ఈ ఖాళీని కొంతైనా పూడ్చడానికి ఇన్‌కాయిస్ విశాఖ, కొచ్చి తీరాల్లో నీటి నాణ్యత కొలిచే బోయాలు, అంటే నీళ్ళ మీద తేలే పరికరాలు, పెట్టింది. నీళ్ళలోనే ఉండి పత్రహరితం మెరుపుని కొలిచి కబురు పంపుతుంటాయి. ఈ మెరుపు లెక్కకీ ఒక తిరకాసు ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండ ఎక్కువైతే కణాలు తమని తాము కాపాడుకోవడానికి అదనపు శక్తిని వేడిగా వదిలేస్తాయి, మెరుపు తగ్గిపోతుంది. కణాలు అన్నే ఉన్నా మధ్యాహ్నం తగ్గినట్టు, రాత్రి పెరిగినట్టు గ్రాఫు ఊగుతుంది. అందుకే బోయా లెక్కల్లో రాత్రి అంకెలకి ఎక్కువ విలువ ఇస్తారు.

ఇంకో శత్రువు నాచు. వెచ్చని మన నీళ్ళలో కొన్ని వారాలకే సెన్సర్ అద్దం మీద పొర కడుతుంది, తర్వాత గుల్లలు పడతాయి. అప్పుడది సముద్రాన్ని వదిలేసి తనమీద పెరిగిన నాచునే కొలుస్తూ కూర్చుంటుంది. అద్దాన్ని తుడిచే చిన్న బ్రష్షులు, రాగి రేకులు పెడతారు, కొంతకాలం ఆగుతుంది. ఆ తర్వాత ఎవరో బోటేసుకుని వెళ్ళి, గీకి శుభ్రం చేసి, పక్కనే ఒక నిస్కిన్ బాటిల్ దించి నీళ్ళు పట్టుకురావాలి. ఆగస్టు అలల్లో అన్ని రోజులూ బోటు తీయడానికి కుదరదు. కుదరని వారాల అంకెల పక్కన ‘సందేహాస్పదం’ అని గుర్తు పెట్టి ఉంచుతారు.